137వ స్థానము

మా కళాశాలకు వచ్చు విద్యార్థులలో టెన్నిస్ బంతిని చూడనివారు ఉండరు. టెన్నిస్ ఆటను చూచినవారు మాత్రము మిక్కిలి తక్కువ. ఖమ్మము నుండి భద్రాచలము వైపు పోవు త్రోవలో ఏ ఊరి బయట చూచినను, కోత అయిన చేనిలో బాలురు ఆ బంతితో క్రికెట్ ఆడుచుందురు. బంతిపై నూగు అరిగి నున్నబడువరకు ఆడుదురు గాని, అది ఏ ఆట కొరకు తయారైనదో వారికి పట్టింపు లేదు. అట్టి ప్రాంతములోని కళాశాల పత్రికలో టెన్నిస్ ఆటగాని గూర్చి వ్యాసమేమని పాఠకులు అడుగవచ్చును. అందుకు కారణము మొదట చెప్పవలసి యున్నది.

గత సంవత్సరము మా విద్యార్థి యొకడు అంతర కళాశాలల పరుగుపందెములో పాల్గొనెను. అడవి అంచు గ్రామమునుండి రోజూ బస్సులో వచ్చి చదువుకొను పిల్లవాడు. పందెములో నాలుగవవాడుగా వచ్చెను. మూడు బహుమతులే యున్నందున అతనికి ఏమియు దక్కలేదు. మరునాడు తరగతిలో మేము అభినందింపబోగా, "నాలుగో నంబరుకు ఏమొస్తది సార్? బస్సు కిరాయి దండుగ" అనెను. మేము వెంటనే సమాధానము చెప్పలేకపోతిమి. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచుండగా మాకు స్ఫురించినది ప్రపంచ పట్టికలో 137వ స్థానము వరకు చేరిన ఒక తెలుగు టెన్నిస్ ఆటగాని జీవితము. ఆయన పేరు సాకేత్ మైనేని.

ఆయన కథ తెలియవలెనన్న ముందుగా ఈ వృత్తి ఎట్లు నడచునో తెలియవలెను. టెన్నిస్‌లో జీతము లేదు. క్రికెట్ ఆటగాడు రాష్ట్ర జట్టులో చేరినచో అతని ప్రయాణమును, బసను సంఘము చూచుకొనును. ఆడిన ప్రతి మ్యాచికి రుసుము ముట్టును. టెన్నిస్ ఆటగాడు అట్లు కాదు. అతడు సొంత పెట్టుబడితో సేద్యము చేయు చిన్న రైతు వంటివాడు. విమానము టికెట్టు, వీసా, గది కిరాయి, రాకెట్టు తీగలు, శిక్షకుని జీతము, గాయమైనచో వైద్యము, ఇవన్నియు విత్తనముల ఖర్చు వలె ముందుగానే పెట్టవలెను. పంట పండినచో బహుమతి ధనము వచ్చును. మొదటి మ్యాచిలోనే ఓడినచో విత్తనము భూమిలోనే పోయినట్లు.

ఇక ర్యాంకు సంగతి. పురుషుల టెన్నిస్‌లో కంప్యూటరుతో లెక్కించిన పట్టిక 1973 ఆగస్టులో మొదలయ్యెను. ఆడిన పోటీలలో ఎంత దూరము వెళ్లినాడో దానిని బట్టి ఆటగానికి పాయింట్లు వచ్చును. ఆ పాయింట్లు 52 వారములు మాత్రమే నిలుచును. ఏడాది తిరిగి అదే వారము వచ్చుసరికి పాత పాయింట్లు రాలిపోవును. వాని స్థానములో క్రొత్తవి సంపాదింపకున్నచో ఆటగాడు క్రిందికి జారును.

మన ప్రాంతపు పిల్లలకు ఇది తునికాకు లెక్క వలె బోధపడును. వేసవిలో తెల్లవారకముందే అడవికి పోయి ఆకు కోసి, 50 ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టి కల్లములో అప్పగించు తల్లులు మన విద్యార్థుల ఇండ్లలోనే యున్నారు. ఈ యేడు ఎన్ని కట్టలు తెచ్చినదో అన్ని కట్టలకే పైకము. పోయిన యేడు ఊరిలో అందరికన్న ఎక్కువ తెచ్చినదను పేరు ఈ యేటి లెక్కలో ఒక్క కట్టగానైనను రాదు. జ్వరము వచ్చి పది దినములు పడుకొన్నచో ఆ పది దినముల ఆకు పోయినట్లే. టెన్నిస్ ఆటగాని పాయింట్లును అట్టివే.

ఈ వృత్తికి మెట్లు కలవు. అడుగు మెట్టు 15,000 డాలర్ల మొత్తము బహుమతి గల అంతర్జాతీయ పోటీలు. దాని పైన అంతకన్న ఎక్కువ బహుమతి గల అంతర్జాతీయ పోటీలు. అటుపైన ఛాలెంజర్ పోటీలు, వాని పైన ఏటీపీ పోటీలు, అన్నిటికన్న పైన నాలుగు గ్రాండ్ స్లామ్‌లు. 15,000 అన్న మాట విని పెద్ద మొత్తమనుకొనరాదు. అది 32 మంది సింగిల్స్ ఆటగాండ్రును, డబుల్స్ జంటలును పంచుకొను ధనము. వారమంతయు గెలిచి టైటిల్ పొందినవానికి దక్కునది రెండు వేల డాలర్లకు కొంచెము పైన. మొదటి మ్యాచిలో ఓడినవానికి 150 డాలర్ల ప్రాంతము. దూరదేశమునుండి వచ్చినవానికి అది గది కిరాయికిని చాలదు. పాయింట్లు చూచిననో, ఆ చిన్న పోటీ గెలిచినచో 15 పాయింట్లు వచ్చును. గ్రాండ్ స్లామ్ గెలిచినవానికి 2000 వచ్చును.

ఇందులో ఒక చిక్కు కలదు. ర్యాంకు తక్కువైనవానికి చిన్న పోటీలలోనే ప్రవేశము దొరకును. చిన్న పోటీలలో పాయింట్లును పైకమును తక్కువ. పాయింట్లు తక్కువగుటచే ర్యాంకు పెరుగదు. పైకము తక్కువగుటచే శిక్షకుని, వైద్యుని వెంట తీసికొని పోలేడు. వారు లేనందున ఆట మెరుగుపడదు, గాయము మానదు. పిండి కొద్ది రొట్టె అన్నట్లు, పెట్టుబడి కొద్ది ర్యాంకు. ఈ చక్రమును త్రెంచుకొని పైకి వచ్చినవారి శ్రమను ఈ దృష్టితో కొలువవలెను.

గ్రాండ్ స్లామ్ పోటీలో సింగిల్స్ ఆడువారు 128 మంది. అందులో 104 స్థానములు ర్యాంకును బట్టి నేరుగా నిండును. 8 స్థానములు నిర్వాహకులు తమ ఇష్టము వచ్చినవారికి ఇత్తురు. మిగిలిన 16 స్థానముల కొరకు వేరుగా మరి 128 మంది ముందు వారములో పోరాడుదురు. వరుసగా మూడు మ్యాచిలు గెలిచినవాడే లోపలికి పోవును. అనగా 104వ స్థానము చుట్టుపట్ల ఒక కనిపించని గోడ కలదు. గోడకు ఇవతలివాడు ఏడాదికి నాలుగుసార్లు మొదటి మ్యాచిలో ఓడినను ఆ సంవత్సరపు ఖర్చు గట్టెక్కును. అవతలివాడు ఛాలెంజర్ పోటీల వెంట ఊరూర తిరుగవలెను. ఆటలో ఆ ఇద్దరికిని తేడా గోరంత. జీవనములో తేడా కొండంత.

సాకేత్ మైనేని ఆ గోడకు అవతలి మనిషి. 1987 అక్టోబరు 19న జన్మించెను. విశాఖపట్నపు ఆటగాడుగా దేశమునకు పరిచితుడు. ఆరడుగులకు మించిన ఎత్తు, బలమైన సర్వీసు ఆయన ఆటకు ఆధారములు. అనేకులు చదువు మాని చిన్న వయస్సుననే వృత్తిలో దిగుదురు. ఆయన అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయములో చదువుచు, ఆ విశ్వవిద్యాలయపు జట్టులో ఆడి, ఆ తరువాతనే వృత్తిలో పూర్తిగా ప్రవేశించెను. ఆటకు చదువు శత్రువనువారు ఈ సంగతి గమనింపవలెను.

2014లో దక్షిణ కొరియాలోని ఇంచియాన్ నగరములో ఆసియా క్రీడలు జరిగెను. ఆ క్రీడలలో పతకము వచ్చును గాని ర్యాంకు పాయింట్లు రావు. ఆ వారములలో వేరే పోటీలు ఆడకున్నచో ఉన్న పాయింట్లును జారును. ఈ కారణముచేతనే లియాండర్ పేస్, రోహన్ బోపన్న, సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ ఆ సంవత్సరము ఆసియా క్రీడలకు పోలేదు. వారిని తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు, అది వారి జీవనపు లెక్క. కాని ఆ లెక్క గోడకు అవతలివానికి ఇంకను బరువైనది. సాకేత్ పోయెను. హైదరాబాదు క్రీడాకారిణి సానియా మీర్జా మొదట వెనుకాడినను తుదకు వచ్చెను. ఆ ఇద్దరును మిక్స్‌డ్ డబుల్స్‌లో బంగారు పతకము గెలిచిరి. సనమ్ సింగ్‌తో కలిసి సాకేత్ పురుషుల డబుల్స్‌లో వెండి పతకమును గూడ తెచ్చెను. అదే సంవత్సరము ఇండోర్ నగరములో ఛాలెంజర్ సింగిల్స్ టైటిల్ ఆయనకు దక్కెను.

2016 ఆయన వృత్తిలో పతాక సంవత్సరము. న్యూయార్కులో జరుగు యూ.ఎస్. ఓపెన్‌కు ఆయన ర్యాంకు చాలలేదు. ముందు వారపు పోటీలో మూడు మ్యాచిలు వరుసగా గెలిచి అసలు పోటీలో ప్రవేశించెను. మొదటి మ్యాచిలో చెక్ దేశపు జిరి వెసెలీ ఎదురుపడెను. మొదటి సెట్టు పోయినను తరువాతి రెండు సెట్లు గెలిచి సాకేత్ ముందంజలో నిలిచెను. అంతలో కండరములు పట్టివేయసాగెను. ఛాలెంజర్ పోటీలలో మూడు సెట్ల ఆటయే యుండును, గ్రాండ్ స్లామ్‌లో పురుషులకు ఐదు సెట్లు. అంతకు ముందే మూడు మ్యాచిలు ఆడి వచ్చిన శరీరము. ఆ నొప్పితోనే ఐదవ సెట్టు తుదివరకు పోరాడి 6-7, 6-4, 6-2, 2-6, 5-7 తేడాతో ఓడిపోయెను.

ఈ ఓటమిని లెక్కలో చూతము. ఆ సంవత్సరము యూ.ఎస్. ఓపెన్ మొదటి మ్యాచిలో ఓడినవానికి ఇచ్చినది 43 వేల డాలర్లకు పైన. 15,000 డాలర్ల పోటీ 20 సార్లు గెలిచినను అంత ధనము రాదు. ఆ పోటీల తరువాత నెలలోనే ఢిల్లీలో స్పెయిన్‌తో డేవిస్ కప్ జరిగెను. సాకేత్, లియాండర్ పేస్ జంటగా రఫెల్ నడాల్, మార్క్ లోపెజ్‌లను ఎదుర్కొనిరి. వారు అంతకు కొలది వారములకు ముందే రియో ఒలింపిక్స్‌లో డబుల్స్ బంగారు పతకము గెలిచినవారు. మనవారు మొదటి సెట్టు గెలిచి, తరువాతి మూడు సెట్లు ఓడిరి. ఆ సంవత్సరముననే సాకేత్ సింగిల్స్ ర్యాంకు 137కు చేరెను. అదియే ఆయన జీవితములో అత్యుత్తమ స్థానము. గోడ దాటలేదు.

2017లో భారత ప్రభుత్వము ఆయనను అర్జున పురస్కారముతో గౌరవించెను. కాని గాయములు ఆయనను విడువలేదు. ఆటకు దూరమైన ప్రతి వారమును పాత పాయింట్లు రాలుచునే యుండును. సింగిల్స్‌లో ర్యాంకు జారిపోయెను. అక్కడ ముగియవలసిన కథ ముగియలేదు. ఆయన డబుల్స్ వైపు మరలెను. 2022లో యుకీ భాంబ్రితో కలిసి పలు ఛాలెంజర్ టైటిల్‌లు గెలిచి డబుల్స్‌లో మొదటి 100 మందిలో చేరెను. 2022లో జరుగవలసి 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో, 36 సంవత్సరములు నిండవచ్చిన వయస్సులో, రామ్‌కుమార్ రామనాథన్‌తో కలిసి మరల వెండి పతకము గెలిచెను. ఇంచియాన్ పతకములకును ఈ పతకమునకును నడుమ తొమ్మిదేండ్లు గడచెను.

ఇట్టివారు మన తెలుగు నేలపై ఆయన ఒక్కరే కారు. అదే 1987లో సికింద్రాబాదులో పుట్టిన విష్ణువర్ధన్ గాథయు ఇట్టిదే. 2010 ఆసియా క్రీడలలో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ వెండి పతకము గెలిచెను. 2012 లండన్ ఒలింపిక్స్ ముందు పేస్‌తో జతగా ఆడుటకు మహేశ్ భూపతి, రోహన్ బోపన్న ఇష్టపడనందున, 200 దాటిన ర్యాంకు గల విష్ణువర్ధన్‌ను ఆ స్థానమునకు ఎంపిక చేసిరి. పత్రికలలో ఆయన ర్యాంకును గూర్చి చర్చ జరిగెను. వారిరువురు మొదటి మ్యాచి గెలిచి, రెండవదానిలో ఫ్రెంచి జంట చేతిలో ఓడిరి. పెద్దల తగవులో పిలుపు వచ్చిన నాటికి ఆడుటకు సిద్ధముగా నుండుట కూడ ఒక విద్య. చిన్న పోటీలలో ఏండ్ల తరబడి ఆడినవానికే అది అబ్బును.

మరి 137వ స్థానమునకు ఏమి వచ్చును? అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2013 సంవత్సరపు ఆటగాండ్ర లెక్కలు తీయగా, వృత్తి పోటీలలో ఆడిన స్త్రీ పురుషులు 14 వేలకు చేరువగా నుండిరి. వారిలో ఇంచుమించు సగము మందికి ఒక్క డాలరు బహుమతియు రాలేదు. శిక్షకుని జీతము కలుపకయే, ఖర్చులు రాబడితో సరితూగవలెనన్న పురుషులకు 336వ ర్యాంకు, స్త్రీలకు 253వ ర్యాంకు ఉండవలెనని తేలెను. మన ఇండ్లలో ఇంజనీరింగు ప్రవేశ పరీక్షలో 137వ ర్యాంకు వచ్చిన పిల్లవాని ఫోటో వీధి వీధినా కట్టుదురు. ప్రపంచమంతటి ఆటగాండ్రలో 137వవాడు రైలు స్టేషనులో దిగినచో గుర్తుపట్టువారుండరు. స్థానము అదే, చూపులో తేడా.

ఈ అన్యాయమును టెన్నిస్ సంఘములే తుదకు గుర్తించినవి. 2024లో పురుషుల సంఘము ఒక పథకము ప్రారంభించెను. మొదటి 100 మందికి ఏడాదికి 3 లక్షల డాలర్లు, 101 నుండి 175 వరకు లక్షన్నర, 176 నుండి 250 వరకు 75 వేలు కనీస రాబడిగా నిర్ణయించి, బహుమతి ధనము అంతకు తగ్గినచో మిగతాది సంఘమే భర్తీ చేయుట ఆ పథకము. 137వ స్థానపు ఆటగాడు ఇప్పుడు ఆ రెండవ వరుసలోనికి వచ్చును. సాకేత్ ఆ స్థానములో నున్న నాటికి ఇట్టి ఆసరా లేదు. ఇది దానము కాదు. దిగువ నున్నవారు వారము వారము వచ్చి ఆడనిదే పోటీ లేదు, పోటీ లేనిదే విజేత లేడని తెలిసికొనుట.

ఈ వృత్తాంతము వలన విద్యార్థులు ఆటను జీవనాధారముగా ఎన్నుకొనవలెనని మేము చెప్పుటలేదు. ఎన్నుకొనువారు ముందుగా కాగితము మీద లెక్క వ్రాసికొనవలెను. ఎంత ఖర్చు, ఎన్ని ఏండ్లు, చేతిలో చదువు ఏది, గాయమైన నాడు దారి ఏది అని ఆలోచింపవలెను. కాని ఒక్క మాట. మొదటి మూడు స్థానములు తప్ప తక్కినవన్నియు దండుగ అనుకొనుట తప్పు లెక్క. ఉర్దూ విభాగపు విద్యార్థులు మెహనత్ అందురు, మనము కష్టము అందుము. పేరు ఏదైనను దానికి వెంటనే పైకము రాలేదని అది శూన్యమగునా? 2016లో మూడు మ్యాచిలు గెలిచిన శ్రమ ఇండోర్‌లోనో, అంతకు ముందు పేరు తెలియని ఊళ్లలోనో మొదలైనది. కూలి ముట్టుటకు ఏండ్లు పట్టెను, అంతే.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒకటి కలదు. సాకేత్ వంటి ఆటగానిని ఆపునది ప్రతిభ కొరత కన్న ముందు ప్రయాణ వ్యయము. మన విద్యార్థులను ఆపునదియు అదియే. మన క్రీడా నిధిలో పెద్ద భాగము వార్షికోత్సవపు కప్పులకు, శాలువలకు, జ్ఞాపికలకు పోవుచున్నది. అవి గెలిచినవానికి గెలిచిన తరువాత ఇచ్చునవి. గెలువకముందు కావలసినవి బస్సు టికెట్టు, రెండు పూటల భోజనము, మంచి బూట్లు. మూడు కప్పుల వెలతో పదిమంది విద్యార్థులు జిల్లా పోటీలకు పోయి రాగలరు. వారిలో తొమ్మిదిమంది ఓడి రావచ్చును. ఓడి వచ్చినవారికి మరుసటి యేడు మరల టికెట్టు ఇచ్చుటకు ధైర్యము కావలెను. ఆ ధైర్యము పిల్లలకు ఉన్నది. నిధి చేతిలో నున్న మనకు ఉండవలెను.

నాలుగవ స్థానమునకు ఏమి వచ్చునని అడిగిన ఆ విద్యార్థి ఇప్పుడు రెండవ సంవత్సరములో నున్నాడు. అతనికి ఆనాడు ఇయ్యలేకపోయిన సమాధానము ఈనాడు ఇచ్చుచున్నాము. నాయనా, నాలుగవ స్థానమునకు రావలసినది వచ్చే పందెమునకు బస్సు కిరాయి. అది నీవు తెచ్చుకొనవలసినది కాదు, మేము ఇయ్యవలసినది.